ఆదివారం పీతలు దించరాదు

ఒకే ఒక్క మనిషి, ఒకే ఒక్క పూటలో, ఒక రేవు మొత్తాన్ని ఆపేశాడు. నాలుగు ఓడలను కదలకుండా కూర్చోబెట్టాడు. నలభై వేల ప్రాణాలను ఎండలో అల్లాడించాడు. చివరికి తడి గోనెపట్టా కింద దాక్కుని కస్టమ్స్ అధికారికి దొరికిపోయాడు. ఇదంతా వినగానే ఎవడో సముద్రపు దొంగ అనుకుంటారు మీరు. కాదండీ, నేనే. మలేషియా దేశం బంటింగ్‌లో రోజూ పొద్దున్నే మోటారుసైకిల్ మీద వెళ్ళి రొట్టె చనాయ్ కట్టించుకొచ్చే ముసలాయనను.

ఆగండి, మొదట్లోనే కొన్ని సవరణలు చేసేస్తాను. మా ఆవిడ పక్కనే కూర్చుని ఉంది. అవి ఓడలు కావు, చెక్క పడవలు. నలభై వేల ప్రాణాలు కావు, ముప్ఫై ఎనిమిది బుట్టల పీతలు. గోనెపట్టా మాత్రం నిజంగా గోనెపట్టాయే.

అప్పటికి నేను కుర్రాణ్ణి. యాభై ఎనిమిదేళ్ళు. క్లాంగ్ రేవులో ఒక సరుకుల ఏజెంటు దగ్గర ముప్ఫై ఏళ్ళు గుమస్తాగా చేసి అప్పుడే దిగిపోయాను. ఓడ రావడం, కాగితాలు పట్టుకుని కస్టమ్స్ వారి దగ్గరకు పరుగెత్తడం, ముద్ర కొట్టించడం, సరుకు దింపించడం. నా పని అదే. ఆ ముప్ఫై ఏళ్ళలో నేను ఒక్క నిబంధనను గుండెలో దాచుకున్నాను. ఆదివారంనాడు కస్టమ్స్ వారి రాతపూర్వక అనుమతి లేకుండా ఓడలోంచి సరుకు దించరాదు, ఎక్కించరాదు. అనుమతి కావాలంటే ముందురోజే దరఖాస్తు పెట్టుకోవాలి. కొందరు నిద్రలో గురక పెడతారు. నేను ఈ నిబంధన చదివేవాణ్ణట.

మా ఆవిడ నర్సమ్మకు ఒక తమ్ముడున్నాడు. పేరు అప్పన్న, ఊరు సుంగై సిపుట్. ఇరవై ఏళ్ళు నడిపిన కూరగాయల కొట్టు మూసేసి పీతల వ్యాపారంలోకి దిగాడు. సుమత్రా నుంచి పడవలో బతికున్న పీతలు తెప్పించి ఇపోలో హోటళ్ళకు ఇవ్వాలని వాడి ఆలోచన. మొదటి పెద్ద ఆర్డరే పెళ్ళి విందు. ఆదివారం సాయంత్రం, ఇపోలో ఒక చైనా వాళ్ళ హోటల్లో, నాలుగువందల మంది. పీతలు ఐదు గంటలకల్లా వంటింట్లో ఉండాలి, కాళ్ళాడిస్తూ ఉండాలి. ఉంటే ఏడాది పొడుగునా ఆర్డర్లు వాడివే. లేకపోతే ఆ వీధిలో ఏ హోటలూ వాడి ముఖం చూడదు. తిరిగి వెళ్దామంటే కూరగాయల కొట్టు కూడా లేదు, అందులో అప్పటికే ఎవరో మొబైల్ ఫోన్లు అమ్ముతున్నారు.

పడవ కెడా రాష్ట్రంలో ఒక ఏటిమొగ దగ్గరున్న చిన్న రేవుకు వస్తుంది. ఆ ఊరి పేరు చెప్పను. అక్కడివాళ్ళు ఇప్పటికీ నవ్వుతున్నారని విన్నాను.

"బావా, నాకు కాగితాలేటో ముద్రలేటో తెల్దు. నువ్వే ఎల్లాల," అన్నాడు అప్పన్న.

"క్లాంగ్ రేవునే నడిపినవాణ్ణిరా. ఆ రేవెంత, నా అరచెయ్యంత," అన్నాను.

నడిపింది నేను కాదు. అయినా అన్నాను.

నర్సమ్మ బస్సు ఎక్కిస్తూ ఒక్కటే మాట చెప్పింది. "మావా, ఆడు కొట్టు మూసీసినాడు. నీ గొప్పలికి ఆడి బతుకు పోనాదంటే నువ్వు ఇంటికి రావొద్దు. ఆ పీతలతోనే ఉండిపో."

నేను శుక్రవారం పొద్దున ఆ రేవులో దిగాను. దిగగానే నాకు పని దొరికింది. అప్పన్న తెప్పించిన ఎండుచేపల మూటలు ఇరవై, మరో పడవలో ముందుగానే వచ్చి ఉన్నాయి. పడవవాళ్ళు తీరిగ్గా కాఫీ తాగుతున్నారు. కస్టమ్స్ గదికి తాళం. షెడ్డు కాపలాదారు పాక్ మాట్, అరవై దాటిన మలయ్ పెద్దమనిషి, నల్లటోపీ, ఇస్త్రీ చొక్కా, షెడ్డుకు తాళం వేస్తున్నాడు.

"ఏమిటిది? సరుకు ఒడ్డున పెట్టుకుని తాళమా?"

"తువాన్, ఇవాళ శుక్రవారం కదా, ఇక్కడ..." వాళ్ళ మాటలో తువాన్ అంటే అయ్యగారు, పాక్ అంటే పెద్దాయన.

"తెలుసు, తెలుసు. మధ్యాహ్నం నమాజు. దానికి పొద్దున తొమ్మిదింటికే మూసేస్తారా? క్లాంగ్‌లో ఇలాగే చేస్తే దేశం ఆగిపోయేది. తియ్యండి తాళం!"

"అది కాదు తువాన్, మా దగ్గర శుక్రవారమంటే..."

"ముప్ఫై ఏళ్ళు చేశాను పాక్ మాట్. నాకు శుక్రవారం నేర్పిస్తారా?"

ఆయన నన్ను కిందికీ పైకీ చూశాడు. నా చేతిలో ఫైలుంది, జేబులో మూడు పెన్నులున్నాయి. మూడు పెన్నులున్న మనిషితో ఎవరు మాత్రం వాదిస్తారు? తాళం తీశాడు. అరగంటలో ఇరవై మూటలూ షెడ్డులో పడ్డాయి. ముద్ర నమాజు తర్వాత కొట్టించుకుందామనుకున్నాను. నమాజు తర్వాత వెళ్తే తాళం. నాలుగింటికి వెళ్తే తాళం. శనివారం పొద్దున ఆదివారపు అనుమతి కోసం దరఖాస్తు పట్టుకుని వెళ్తే అప్పుడూ తాళమే. మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళాను. తాళం నన్ను గుర్తుపట్టేలా ఉంది.

ఒకపక్క ముద్ర లేకుండా దించిన ఇరవై మూటల ఎండుచేపలు. ఇంకోపక్క అనుమతి కాగితం లేకుండా రాబోతున్న ఆదివారం. అప్పన్నకు ఫోన్ చేసి చెప్పవచ్చు. పాక్ మాట్‌ను అడగవచ్చు. కానీ అడిగితే నాకు తెలియదని తెలిసిపోతుంది. కాబట్టి నేను హోటల్ గదికి వెళ్ళి చొక్కా ఉతుక్కున్నాను.

ఆదివారం పొద్దున ఏడున్నరకు రేవుకు నడుస్తుంటే పిల్లలు యూనిఫారాల్లో బళ్ళకు పోతున్నారు. ఆదివారంనాడు కూడా చదువు! ఎంత క్రమశిక్షణ గల రాష్ట్రమో అని మెచ్చుకున్నాను. రేవు మలుపు తిరిగాను. మెచ్చుకోవడం ఆగిపోయింది.

కస్టమ్స్ గది తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల ఫ్యాను తిరుగుతోంది. యూనిఫారంలో ఒకావిడ బల్ల ముందు కూర్చుని టీ తాగుతోంది. రెండు రోజులు తాళం వేసి సరిగ్గా ఆదివారంనాడు తెరవడమా? నా ముప్ఫై ఏళ్ళ అనుభవం వెంటనే విషయం పసిగట్టింది. ఇది వల. ఆదివారం దొంగచాటుగా సరుకు దించేవాళ్ళను పట్టుకోవడానికి వచ్చారు!

వంగుని, గోడ పక్కనుంచి, పిల్లిలా రేవు చివరికి చేరాను. పిల్లిలా అంటే, మోకాలి నొప్పి ఉన్న పిల్లిలా.

అక్కడ మా పడవ కట్టి ఉంది. పడవ యజమాని పాక్ హసన్, సుమత్రా మనిషి, ఎండకు నల్లబడిన ముఖంలో తెల్లగా నవ్వి అప్పటికే మొదటి బుట్ట భుజానికెత్తాడు. లారీ వెనక్కి తిప్పి నిలబెట్టి ఉంది. డ్రైవర్ మణియం చక్రం మీద కాలుపెట్టి పళ్ళు కుట్టుకుంటున్నాడు.

"ఆపండి!" అన్నాను. నిజానికి కేక పెట్టాలి, కానీ కస్టమ్స్ ఆవిడకు వినిపిస్తుందని గుసగుసగా కేక పెట్టాను.

పాక్ హసన్ బుట్ట భుజం మీదే ఉంచుకుని ఆగాడు. "ఏమైంది తువాన్?"

"ఇవాళేం వారం?"

"ఆదివారం."

"ఆదివారం అనుమతి లేకుండా సరుకు దించకూడదు. చట్టం."

"నేను ఎనిమిదేళ్ళుగా ప్రతి ఆదివారం ఇక్కడే దించుతున్నాను తువాన్."

నాకు కళ్ళు తిరిగాయి. "ఎనిమిదేళ్ళుగా ప్రతి ఆదివారం నేరం చేస్తున్నారా? మీ అదృష్టం బాగుండి నేను వచ్చాను. పెట్టండి బుట్ట!"

ఆయన బుట్ట మళ్ళీ పడవలో పెట్టాడు. మణియం దగ్గరికొచ్చాడు. వాడు అరవవాడు, నాతో సగం తెలుగు సగం అరవం కలిపి మాట్లాడతాడు. "అణ్ణే, తొమ్మిదికి బయల్దేరాలని అప్పన్న చెప్పాడు."

"చట్టం ఒప్పుకోదు మణియం."

"నేను పెరాక్ వాణ్ణి అణ్ణే, ఈ రాష్ట్రం సంగతులు నాకు తెలీవు. స్టీరింగ్ నాది, చట్టం మీది," అని వాడు లారీ ఎక్కి టోపీ ముఖం మీద కప్పుకున్నాడు.

ఇంతలో పాక్ మాట్ వచ్చాడు. "ఎందుకాగారు? నీళ్ళు తీస్తున్నాయి. పదకొండు దాటితే పడవ బురదలో కూర్చుంటుంది."

నేను ఫైలు తెరిచి నిబంధన మొత్తం చదివి వినిపించాను. మూడు పెన్నుల్లో ఒకటి తీసి 'ఆదివారం' అనే మాట కింద గీత కూడా గీశాను.

"అవును తువాన్, కానీ ఈ రాష్ట్రంలో..."

"రాష్ట్రం, ఊరు, వీధి అన్న తేడా చట్టానికి లేదు పాక్ మాట్. దేశమంతా ఒకటే చట్టం!"

ఆయన వంగి ఆ గీత మరోసారి చూశాడు. తర్వాత అన్న మాట నా కొంప ముంచింది. "క్లాంగ్ నుంచి కొత్త ఆర్డరేమైనా వచ్చిందేమో మరి. మాకు చెప్పలేదు."

నేను అవుననలేదు, కాదనీ అనలేదు. గంభీరంగా ఫైలు మూశాను. అలా మూస్తే అవుననే అర్థమట, తర్వాత తెలిసింది.

పావుగంటలో ఆ మాట రేవంతా పాకింది. ఉల్లిపాయలు దించుతున్న పడవవాళ్ళు ఆగిపోయారు. మంచులో చేపలు తెచ్చినవాళ్ళు ఆగిపోయారు. కొబ్బరికాయలవాళ్ళు చేతిలో కాయలు పట్టుకుని నిలబడ్డారు. "క్లాంగ్ నుంచి పెద్ద అధికారి వచ్చాడట, ఆదివారం దించకూడదట," అని నా వైపు చూపిస్తున్నారు. నాకు భయంగానూ ఉంది, కొంచెం గర్వంగానూ ఉంది. నిజం చెప్పాలంటే గర్వమే ఎక్కువ.

తొమ్మిదింటికి ఫోన్ మోగింది. అప్పన్న.

"బావా, లారీ ఎల్లిందా?"

ఎదురుగా లారీ. అందులోంచి గురక. "ఎల్లిపోనాది," అన్నాను.

ఎందుకన్నానో ఆ దేవుడికే తెలియాలి. ఒక గంటలో ఎలాగో అనుమతి సంపాదిస్తాను, లారీ కొంచెం తొందరగా నడిపిస్తాను, అబద్ధమూ నిజమూ దారిలో ఎక్కడో కలుసుకుంటాయి అనుకున్నాను.

క్లాంగ్‌లో పాత స్నేహితుడికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. అక్కడ నిజంగానే ఆదివారం. ఇంకొకడికి చేశాను. "ఏ రేవులో ఉన్నావు?" అని అడిగాడు. "అది చెప్పలేను" అని పెట్టేశాను. కస్టమ్స్ గదిలోకే వెళ్ళి కాళ్ళు పట్టుకుందామని రెండుసార్లు బయల్దేరాను. రెండుసార్లూ షెడ్డు దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. లోపల ఇరవై మూటల ఎండుచేపలు. గుమ్మం దాకా వాసన. 'ముద్ర లేదు, ముద్ర లేదు' అని ముక్కులోకి దూరి చెబుతున్నాయి.

పదింటికి మళ్ళీ ఫోన్.

"బావా, ఏడ దాకా పోనాది లారీ?"

"సుంగై పెటానీ దాటినాది."

"మణియం పోనెత్తట్లేదేటి?"

"బండి నడుపుతుండగా ఎత్తడు రా. మంచి డ్రైవరు."

మంచి డ్రైవరు లారీలో ఒత్తిగిల్లి పడుకున్నాడు.

ఎండ పెరిగింది. బుట్టల మీద కప్పిన గోనెపట్టాలు ఆరిపోతున్నాయి. పాక్ హసన్ బకెట్టుతో నీళ్ళు తోడి పోస్తూ ఒక బుట్ట మూత తీశాడు. పీతలు నోటి దగ్గర నురగ కక్కుతూ, కళ్ళు కాడలెత్తి నన్నే చూస్తున్నాయి. సన్నగా చిటపటమని శబ్దం. నూనె కాగుతున్నట్టు. ఒకదాని కాలు పట్టి ఎత్తాడు. అది వేలాడింది. కదల్లేదు.

"ఒకటి పోయింది," అన్నాడు. ఇంకొకటి ఎత్తాడు. "రెండు."

"పాక్ హసన్, ఇవి ఎంతసేపు ఆగుతాయి?"

"నీడలో అయితే రేపటిదాకా. ఈ ఎండలో..." అని ఆకాశం వైపు చూశాడు. "తువాన్, ఎనిమిదేళ్ళలో నా పడవలో ఒక్క బుట్ట పీతలైనా చచ్చిపోలేదు. నేను దించేస్తాను. ఏదైనా అయితే నా మీద వేసుకోండి."

అక్కడే ఒప్పుకుని ఉంటే ఈ కథ పొట్టిగా ముగిసేది. కానీ నేనన్నది ఇది: "మిమ్మల్ని జైలుకు పంపి నేను నిద్రపోలేను."

ఎంత గొప్ప మాట! ఆయన కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. పొగ వల్ల కావచ్చు, పక్క పడవలో వంట చేస్తున్నారు.

పదకొండు దాటింది. నీళ్ళు తీసేశాయి. నాలుగు పడవలూ ఒక్కొక్కటిగా బురదలోకి కూలబడి, అలిగిన పెళ్ళివారిలా పక్కకు ఒరిగాయి. పొద్దున పడవ అంచు నుంచి రేవు గట్టు మీదికి ఒక్క అడుగు. ఇప్పుడు రెండు నిలువులు. బల్ల వేస్తే నిచ్చెనలా నిలబడింది.

పదకొండున్నరకు ఫోన్.

"బావా, ఇప్పుడేడ?"

నా లారీ అప్పటికి చాలా దూరం వెళ్ళిపోయింది, దాన్ని ఆపడం నా వల్ల కాలేదు. "తైపింగ్ దగ్గర పడతాది."

"అయితే నేను తైపింగ్ టోలు గేటు కాడికే ఒచ్చీసినాను. ఇక్కడే నిలబడినాను. తెల్ల లారీ కదా? నేను ముందర మోటారుసైకిల్ మీద దారి సూపిస్తాను. హోటలోళ్ళు పెద్ద గంగాళాల్లో నీళ్ళెట్టి రెడీగున్నారు బావా. వంటోడు నా బుజం తట్టినాడు!"

ఫోన్ పెట్టేశాను. తైపింగ్ టోలు గేటు దగ్గర ఎండలో నిలబడి, వచ్చే ప్రతి తెల్ల లారీకీ చెయ్యి ఊపుతున్న అప్పన్న నా కళ్ళకు కట్టాడు. అంతలో నర్సమ్మ నుంచి మెసేజి. 'తమ్ముడు సెప్పినాడు, లారీ ఎల్లిపోనాదంట. ఈసారికి నువ్వు బాగా సేసినావు మావా.' పెళ్ళయిన ముప్ఫై రెండేళ్ళలో ఆవిడ నన్ను రాతపూర్వకంగా మెచ్చుకోవడం అదే మొదలు.

సరిగ్గా అప్పుడు కస్టమ్స్ గదిలోంచి ఆవిడ బయటికొచ్చింది. ఆగిపోయిన రేవును ఈ చివరి నుంచి ఆ చివరికి చూసింది. పాక్ మాట్‌ను ఏదో అడిగింది. పాక్ మాట్ చెయ్యి ఎత్తాడు. ఆ చెయ్యి మెల్లగా నా వైపు తిరిగింది.

ఆ క్షణంలో నేను ధైర్యంగా ఎదురెళ్ళి, ఫైలు విప్పి, 'చట్టాన్ని కాపాడుతున్నాను అమ్మగారూ' అన్నానని క్లాంగ్‌లో అందరికీ చెప్పుకున్నాను. పదేళ్ళు అలాగే చెప్పుకున్నాను. ఇప్పుడు నిజం రాస్తున్నాను. బల్ల మీద జారుకుంటూ పడవలోకి దిగి, బుట్టల మధ్య దూరి, తడి గోనెపట్టా మీదికి లాక్కుని పడుకున్నాను.

పైన బూట్ల చప్పుడు. ఆగింది.

"ఏజెంటు ఎక్కడ?" ఆవిడ గొంతు.

"ఇక్కడే ఉండాలి ప్వాన్," అన్నాడు పాక్ హసన్. పాపం, ఆయన నన్ను కాపాడాలని చూశాడు. ఆవిడను ప్వాన్, అంటే అమ్మగారూ అని పిలుస్తూ, "ఊళ్ళోకి వెళ్ళారేమో," అన్నాడు.

నేను ఊపిరి బిగబట్టాను. పీతలన్నిటికీ కాళ్ళు కట్టి ఉంటాయి. ముప్ఫై ఎనిమిది బుట్టల్లోనూ కట్టి ఉంటాయి. ఒక్కదానికి, ఒకే ఒక్కదానికి, తాడు ఊడిపోయింది. అది బుట్ట సందులోంచి చెయ్యి చాపి నా చెవి పట్టుకుంది.

నేను చాలా ఓపికగల మనిషిని. ఒకటి, రెండు, మూడు దాకా లెక్కపెట్టాను. కాదు, ఒకటి కూడా పూర్తి కాలేదు. "అమ్మోయ్!" అని గోనెపట్టాతో సహా పైకి లేచాను.

రేవు మీద ముప్ఫై మంది. మధ్యలో ప్వాన్ రోహానా, నలభై ఏళ్ళావిడ, నడుముకు చేతులు. నా తల మీద గోనెపట్టా, చెవికి పీత.

"మీరేనా క్లాంగ్ నుంచి వచ్చిన పెద్ద అధికారి?"

"గుమస్తాను ప్వాన్. రిటైరైన గుమస్తాను."

"రేవెందుకు ఆపారు?"

"ఆదివారం ప్వాన్. అనుమతి లేకుండా ఆదివారం సరుకు దించరాదు."

"అది క్లాంగ్‌లో. మీ రాష్ట్రంలో వారపు సెలవు ఆదివారం కాబట్టి అక్కడ ఆ కట్టుబాటు ఆదివారానిది. కెడాలో వారపు సెలవు శుక్రవారం. ఆఫీసులకు శనివారం కూడా సెలవే. ఇవాళ మాకు వారంలో మొదటి పనిదినం. నేను ఇస్త్రీ చేసిన యూనిఫారం వేసుకుని పొద్దున ఏడు నుంచి ముద్ర పట్టుకుని కూర్చున్నాను. ఒక్కరూ రాలేదు."

చిన్న పిల్లాడికైనా అర్థమయ్యే విషయం. శుక్రవారం తాళం, శనివారం తాళం, ఆదివారం తలుపులు తెరిచి ఉన్నాయి, పిల్లలు బళ్ళకు పోతున్నారు. నాకు అర్థం కాలేదు. ఎందుకంటే నాకు ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉంది.

"అంటే... దించవచ్చా?"

"దించవచ్చు."

"పాక్ హసన్!" ఈసారి గుసగుస కాదు, నిజమైన కేక. "దించండి! మణియం, లేవరా!" నన్ను గట్టు మీదికి లాగి, పీతను చెవి నుంచి పాక్ మాట్ మెల్లగా విడదీశాడు. రేవంతా ఒక్కసారి కదిలింది. నేను ఆనందంతో ప్వాన్ రోహానాకు వంగి నమస్కారం పెట్టాను.

ఆవిడ నన్ను చూడటం లేదు. ముక్కు ఎగబీల్చింది. షెడ్డు వైపు తిరిగింది.

"ఈ ఎండుచేపలు ఎవరివి?"

పన్నెండు గంటల ఎండలో నాకు చలి వేసింది.

"మావే ప్వాన్."

"ఎప్పుడు దించారు?"

శుక్రవారం అని నాలుక చివరిదాకా వచ్చింది. శుక్రవారం! ఈ రాష్ట్రంలో ఏ రోజు దించకూడదో ఆ రోజే, తాళం వేస్తున్న మనిషి చేత తాళం తీయించి మరీ దింపాను. దించదగిన రోజున నాలుగు పడవలను ఆపాను. ఒకే చట్టాన్ని రెండు వైపుల నుంచీ తప్పాను. ముప్ఫై ఏళ్ళ అనుభవం లేనివాడికి అది సాధ్యం కాదు.

"గురువారం," అన్నాను.

పాక్ మాట్ ఆకాశంలో ఏదో కొంగను వెతుకుతున్నాడు.

"ఆ పడవ వచ్చిందే శుక్రవారం తెల్లవారుజామున," అంది ఆవిడ మెత్తగా. "చూడండి. నిజం చెబితే ఎండుచేపలు మాత్రమే ఆపుతాను. అబద్ధం చెబితే మీ పేరున్న సరుకంతా ఆపాలి. పీతలు కూడా."

మొదటి బుట్ట తాడుకు వేలాడుతూ అప్పుడే గట్టెక్కుతోంది. అందులోంచి ఒక కాలు ఆడింది. తైపింగ్‌లో అప్పన్న చెయ్యి ఊపుతున్నాడు.

"శుక్రవారం ప్వాన్. నేనే దింపించాను. పాక్ మాట్ వద్దనే అన్నాడు. తాళం కూడా నేనే తీయించాను." చెప్పేశాక, తెరిచిన నోరు మళ్ళీ మూయడం ఎందుకని మిగతాదీ చెప్పేశాను. "లారీ తైపింగ్ చేరిందని మా బావమరిదికి చెప్పాను. అది కూడా అబద్ధమే."

"అది నా శాఖ కాదు," అంది ఆవిడ. నవ్వు ఆపుకోవడానికి టోపీ సర్దుకుంది.

ఒక కాగితమిచ్చి సంజాయిషీ రాయమంది. నేను రాశాను: 'ఇక్కడ శుక్రవారం సెలవని నాకు ఎవరూ చెప్పలేదు.' ఆవిడ చదివి పాక్ మాట్‌కు చూపించింది. ఆయన చదివి కాగితం నాకు తిరిగిచ్చాడు. "చెప్పలేదు కాదు తువాన్. చెప్పనివ్వలేదు." నా మూడు పెన్నుల్లో ఒకదానితో దిద్దాను. ఎర్రసిరా.

నేను రాస్తున్నంతసేపూ బురదలోని పడవ నుంచి బుట్టలు తాళ్ళతో లాగారు. ఉల్లిపాయలవాళ్ళు, కొబ్బరికాయలవాళ్ళు కూడా వచ్చి చెయ్యి వేశారు. ఎవరి పనైతే పొద్దుటి నుంచి ఆపానో వాళ్ళే! ఒంటిగంటకు ఐదు నిమిషాలుండగా లారీ కదిలింది. అప్పుడు అప్పన్నకు ఫోన్ చేశాను.

"అప్పన్నా, లారీ బయల్దేరినాది."

"ఏడ నుంచి బావా?"

"కెడా నుంచి."

ఫోన్లో వాడి వెనక ఎవరో లారీవాడు తిడుతున్నాడు.

"బావా," అన్నాడు అప్పన్న, "నేనిక్కడ ఆరు లారీలని ఆపినాను. ఒకడు పోలీసుల్ని పిలిచినాడు."

పీతలు ఐదుకు పది నిమిషాలు తక్కువలో ఇపో చేరాయి. ఒక బుట్ట పూర్తిగా పోయింది, మిగిలినవి గంగాళాల్లో పడగానే లేచాయట. పెళ్ళి విందు జరిగింది. ఆ హోటలు ఇప్పటికీ అప్పన్న దగ్గరే పీతలు కొంటోంది. ఎండుచేపలు మాత్రం రెండు వారాలు షెడ్డులో నిర్బంధంలో ఉన్నాయి. వాటి విచారణకు నేను బంటింగ్ నుంచి మూడుసార్లు బస్సులో వెళ్ళాను. ప్రతిసారీ వెళ్ళేముందు పాక్ మాట్‌కు ఫోన్ చేసి 'రేపు మీ ఊళ్ళో ఏమిటి?' అని అడిగి వెళ్ళాను.

అక్కడితో బుద్ధి వచ్చిందని రాసి ముగించేవాణ్ణే. కానీ పక్కన నర్సమ్మ ఉంది, జొహోర్ సంగతి కూడా రాయమంటోంది.

జొహోర్‌లోనూ శుక్రవారమే సెలవుండేది. నాకిప్పుడు అన్నీ తెలుసు కదా! ఈమధ్య మా అల్లుడికి సామాను వస్తే నేనూ అక్కడి రేవుకు తోడెళ్ళాను. శుక్రవారం. గేటు దగ్గర అల్లుణ్ణి ఆపి, లారీవాణ్ణి ఆపి, కాపలావాణ్ణి కూడా ఆపి, ఈ రాష్ట్రంలో శుక్రవారం సరుకు ఎందుకు ముట్టకూడదో అరగంట వివరించాను. చెవి మీది మచ్చ కూడా చూపించాను. కాపలావాడు మర్యాదస్తుడు. అంతా విని, బాబాయ్ అని పిలిచినట్టుగా అన్నాడు: "పాక్‌చిక్, మాకు సెలవు మారిపోయింది. ఇప్పుడు ఆదివారమే."

కాబట్టి ఇందుమూలంగా, పీత కరిచిన ఎడమచెవి పట్టుకుని, ఎండుచేపల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ ఊళ్ళోనైనా, ఏ వారమైనా, ఎదుటి మనిషి మాట పూర్తయ్యేదాకా నేను నోరు తెరవను. సగంలో అడ్డుపడను. 'నాకు తెలుసు' అనే మాట ఈ జన్మలో మళ్ళీ...

"మావా," అంది నర్సమ్మ, "అది సరే గానీ, సెవి విషయంలో ఒక్కటి..."

"నాకు తెలుసులేవే!"

"...కరిసింది కుడిసెవి."

తడిమి చూసుకున్నాను. కుడిచెవే.